కంచు చేపకు తెలిసిన రెండు మాటలు

అనగనగా ఒక తీరం. ఆ తీరాన గవ్వలపాలెం అని ఒక పల్లె. ఎప్పటి మాటంటే, సముద్రపు ఉప్పుకు ఇంకా ఎవరూ కాపలా పెట్టని కాలం నాటి మాట.

ఆ పల్లెవాళ్ళు వంజరం చేపకోసం గాలాలు లాగేవారు. తెరచాప ఎత్తి, పడవను మెల్లగా నడుపుతూ, వెనక నాలుగు తాళ్ళు నీళ్ళలోకి వదిలేవారు. ఒక్కో తాడు చివర ఒక బరువు రాయి. రాతికి కాస్త వెనగ్గా గాలం. గాలానికి ఒక తెల్ల కొంగ ఈక. పడవ నడుస్తుంటే ఆ ఈక చిన్న చేపలా ఈదేది. వంజరం దాన్ని చూసి మోసపోవాలి.

మోసం చెయ్యడం అంత సులువైన పని కాదు. పడవ పరుగెత్తితే ఈక గిరగిర తిరుగుతుంది. పడవ నత్తనడక నడిస్తే ఈక చచ్చినట్టు వేలాడుతుంది. వంజరం ఈ రెండింటినీ నమ్మదు. అందుకని పడవ నడకకు ఒక లెక్క పెట్టుకున్నారు.

కొర్లయ్య అనే ముసలాయన పడవ ముందు కొనలో కూర్చునేవాడు. కొబ్బరిపీచు ముక్క ఒకటి నీళ్ళలో పడేసి, ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాడు. ఆ ముక్క వెనక కొన దాటగానే, అక్కడ చుక్కాని పట్టినవాడు పలక మీద చేత్తో చరిచేవాడు. అప్పటికి లెక్క ఏడుకు రావాలి. మూడుకే చరిస్తే పడవ పరుగెడుతోందని తెరచాప దించేవారు. పదిహేనుదాకా చరవకపోతే పడవ కునుకుతోందని తెరచాప ఎత్తేవారు. లెక్క చిన్నదైతే పరుగు, పెద్దదైతే కునుకు. ఇది కొర్లయ్య తాత పెట్టిన లెక్క. ఆ లెక్క చెప్పినందుకు ప్రతి వేటలోనూ మొదటి చేప కొర్లయ్య ఇంటికే వెళ్ళేది.

ఆ పడవలో ఇంకో కట్టడి కూడా ఉండేది. గాలాలు వదిలాక ఎవరూ వెనక్కి తిరిగి చూడకూడదు. చుక్కాని పట్టినవాడైనా సరే. చూస్తే గంగమ్మకు కోపం వస్తుందని అనుకునేవారు. చేప పడితే తాడు చేతిని లాగుతుంది, ఇక చూడ్డం దేనికని ఎవరూ అడగలేదు.

ఇలా ఉండగా ఒక ఏడు పెద్ద వరద వచ్చింది. ఏరు తన పాత మొగ వదిలేసి, పల్లెకు ఉత్తరాన కొత్త మొగ తెరుచుకుని సముద్రంలో కలిసింది. పోతూ పోతూ ఒక టేకుమాను తెచ్చి గవ్వలపాలెం ఇసుకలో పడేసింది. ఇద్దరు మనుషులు చేతులు కలిపినా అందనంత మాను. పల్లెవాళ్ళు రాజుగారికి కబురు పెట్టారు. రాజుగారు పెద్దమనసు చేసుకుని, మానును పల్లెనే ఉంచుకోమన్నారు.

దానితో కొత్త పడవ చెయ్యాలని పల్లె అనుకుంది. ఉన్న పడవ ముసలిది. అతుకుల్లో దూది కుక్కి, గుగ్గిలం పూసి నెట్టుకొస్తున్నారు. అయితే వరద తరవాత రెండేళ్ళపాటు వంజరం గాలానికి పడటం మానేసింది. కడుపు నిండనివాడికి పడవ చేసే ఓపిక ఎక్కడిది? మాను తాటాకు పాక కింద అలాగే పడి ఉంది.

మూడో ఏట ఒక ఓడ విరిగిన తెరకొయ్యతో ఆ తీరానికి వచ్చి ఆగింది. అందులోంచి మణిగుప్తుడనే వర్తకుడు దిగాడు. పాక కింద ఉన్న మానును చూశాడు. చూసి, ఓడలోంచి ఒక పెట్టె తెప్పించాడు.

పెట్టెలో జానెడు పొడవున్న కంచు చేప ఉంది. దాని తలకు సన్నని తీగ చుట్టిన పొడవాటి తాడు కట్టి ఉంది.

"దీన్ని నీళ్ళలోకి వదిలి, తాడు చెవికి ఆనించుకోండి. రెండు మాటలు అడగండి. అడుగున నడక ఎంత అంటే మీ లెక్కలోనే చెబుతుంది. వెచ్చన ఎంత అంటే అదీ చెబుతుంది. అబద్ధం ఆడదు. మూడో మాట అడిగితే పలకదు, అడగకండి" అన్నాడు మణిగుప్తుడు.

"దీనికి ఏటి ఇమ్మంటావు షావుకారూ?" అని అడిగాడు గురయ్య. అతను పల్లెకు పెద్ద. మంచివాడే, కాస్త తొందర మనిషి.

"ఆ టేకుమాను. నా తెరకొయ్య విరిగింది."

పల్లె రెండుగా చీలింది. కొందరు ఇచ్చేద్దామన్నారు. కొందరు పడవ సంగతేమిటన్నారు. అప్పుడు కొర్లయ్య భార్య నీలాలు, చేపలు కోసే కత్తి కడుక్కుంటూ ఒక మాట అంది.

"మూడు రోజులు వాడి సూడండి. మాను లేచి ఎక్కడికీ పోదు కదా."

మణిగుప్తుడు సరేనన్నాడు. ఓడ తెరచాపలు కుట్టించడానికి అతనికీ మూడు రోజులు కావాలి.

"నడక లెక్క తెలిసినోడు కొర్లయ్య చిన్నాన్న. మూడో నాటి సాయంత్రం తీర్పు ఆయనే సెప్తాడు" అన్నాడు గురయ్య. పల్లె తల ఊపింది.

మొదటి రోజు పడవ బయల్దేరింది. కొర్లయ్య పీచు ముక్క పడేశాడు. పలక మీద దెబ్బ పడేసరికి లెక్క సరిగ్గా ఏడు. కొర్లయ్య మీసం సర్దుకున్నాడు.

గురయ్య కంచు చేపను పది బారల లోతుకు దించి, తాడు చెవికి ఆనించి అడిగాడు. "అడుగున నడక ఎంత?"

"మూడు" అంది కంచు చేప.

 గురయ్య మళ్ళీ అడిగాడు. మళ్ళీ మూడే. ఏరు మొగ మారాక అడుగునీరు ఎదురు తిరిగింది. పైనీరు పడవతో మర్యాదగా నడుస్తుంటే, అడుగున గాలాలు ఎదురు నీటిలో పరుగెడుతున్నాయి. రెండేళ్ళుగా కొంగ ఈకలు గిరగిర తిరుగుతూనే ఉన్నాయి. రెండేళ్ళుగా కొర్లయ్య ఏడు అని చెబుతూనే ఉన్నాడు.

గురయ్య తెరచాప సగం దింపించాడు. కంచు చేప ఏడు అనేదాకా దింపించాడు. అప్పుడు పైన పీచు ముక్కకు లెక్క పదిహేను వచ్చింది. కాసేపటికి ఒక తాడు లాగింది. ఆ వెంటనే ఇంకోటి. ఆ రోజు పదకొండు వంజరాలు పడ్డాయి.

ఒడ్డున పొయ్యిలన్నీ ఒక్కసారి రాజుకున్నాయి. గురయ్య సంతోషం పట్టలేక కంచు చేపకు బంతిపూల దండ వేశాడు. మొదటి చేపను తెచ్చి దాని ముందు పెట్టాడు. కంచు చేప దాన్ని తినలేదు. ఎవరో ఒకరి పిల్లి తింది.

కొర్లయ్య వట్టి చేతులతో ఇంటికి వెళ్ళాడు. ఆయనకు వచ్చింది కోపం కాదు, సిగ్గు. రెండేళ్ళ పస్తులు తన నోటి మీదుగానే వచ్చాయని అనిపించింది.

"ఏటి మావా, కంచుది నీ కూడు లాక్కుందా?" అంది నీలాలు, గంజి వడ్డిస్తూ.

"లాక్కోనేదే. నిజం సెప్పింది" అన్నాడు కొర్లయ్య. గంజి మాత్రం తాగలేకపోయాడు.

రెండో రోజు గురయ్య రెండో మాట అడిగాడు. పది బారల దగ్గర కంచు చేప "వెచ్చన" అంది. ఇరవై బారల దగ్గర "చల్లన" అంది. పది నుంచి ఇరవై బారలదాకా, వెచ్చన చల్లనగా మారే చోట గాలాలు వదిలారు. తొమ్మిది వంజరాలు పడ్డాయి.

ఆ పూట తాళ్ళు పైకి లాగే పని కొర్లయ్యకు అప్పగించారు. లెక్క చెప్పే పని లేనివాడు ఊరికే కూర్చుంటే బాగుండదు కదా. ఇరవై బారల తాడు గబగబా లాగి, చివరి రాయిని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఒళ్ళు జిల్లుమంది. పది బారల తాడు లాగి దాని రాయి పట్టుకున్నాడు. గోరువెచ్చగా ఉంది. రాళ్ళు రెండూ చెంపలకు ఆనించుకుని కాసేపు అలాగే ఉండిపోయాడు.

"చిన్నాన్నా, ఏటి రాళ్ళను ముద్దాడతన్నావు?" అని నవ్వాడు గురయ్య.

"గురయ్యా, అడుగు సల్లనో ఎచ్చనో ఈ రాయి కూడా సెప్తంది. మనం ఎప్పుడూ అడగనేదు."

ఆ మాట పల్లెలో పాకింది. సాయంత్రం మాను ఇవ్వకూడదనేవాళ్ళంతా కొర్లయ్య గుమ్మం ముందు చేరారు. "అయితే కంచు చేప దండగ అన్నమాట. నీ లెక్కే నిజమని సెప్పెయ్ తాతా. మాను దక్కుద్ది, నీ మొదటి చేప నీకు దక్కుద్ది" అన్నారు.

కొర్లయ్యకు ఆ మాట తియ్యగా వినిపించింది. ఒక్క అబద్ధం, అదీ సగం అబద్ధం. తాత పేరు నిలుస్తుంది. పడవా వస్తుంది. లోపల నీలాలు చేప కోస్తూ, ఆయన ఏం చెబుతాడా అని కత్తి ఆపింది.

"ఎచ్చన సంగతి రాయి సెప్పింది. నడక సంగతి నాకు తెల్దు. నా లెక్క పైనీటికే గాని అడుగునీటికి పనికిరాదు. రెండేళ్ళు మిమ్మల్ని పస్తులు పెట్టింది ఆ లెక్కే" అన్నాడు కొర్లయ్య.

వచ్చినవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి తనకు వచ్చిన గౌరవాన్ని కొర్లయ్య తన నోటితోనే పోగొట్టుకున్నాడు. గుమ్మంలో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

నీలాలు వచ్చి పక్కన కూర్చుంది. "మావా, చుక్కాని బట్టి పడవ తిరుగుద్ది. తెరచాప బట్టి నడుస్తాది. అడుగున పరుగు ఎక్కువైతే మార్పు కనబడేది ఏటి?"

కొర్లయ్య ఆలోచించాడు. "తాడు. పరుగు ఎక్కువైతే తాడు వెనక్కి వాలాలి. తక్కువైతే నిలువుగా దిగాలి."

"మరి అలా వాల్తందా?"

"ఏమో. వెనక్కి ఎప్పుడు సూసినాం?"

 అప్పుడు నీలాలు అంది. "మా అత్త సెప్పేది. మీ తాత కాలంలో పెద్ద చేప పడిందని పడవలో అందరూ వెనక్కి తిరిగినారంట. ముందున్న రాతికి పడవ కొట్టుకుని ముగ్గురు పోయినారంట. అప్పుడు పెట్టినారు ఆ కట్టడి. ఒక్కడు వెనక్కి సూస్తే రాయేటి, గంగమ్మేటి, ఎవరికీ కోపం రాదు. మిగతా అందరూ ముందుకు సూడండి."

మూడో రోజు కొర్లయ్య వెనక కొనలో, వీపు పల్లెవాళ్ళ వైపు పెట్టి కూర్చున్నాడు. చాలామంది గంగమ్మకు దణ్ణం పెట్టుకున్నారు. గంగమ్మ ఏమీ అనలేదు. ఆ పడవలో మణిగుప్తుడు కూడా ఎక్కాడు. తన సరుకు పరీక్ష తాను చూసుకోవాలని.

కొర్లయ్య ఒక పలక నిలబెట్టి దాని పక్కనుంచి తాడు వాలు చూశాడు. కంచు చేప మూడు అన్నప్పుడు తాడు ఎక్కడుందో అక్కడ కత్తితో గీత పెట్టాడు. ఏడు అన్నప్పుడు ఇంకో గీత. పదిహేను అన్నప్పుడు తాడు ఇంచుమించు నిలువు. అక్కడా ఒక గీత. ప్రతిసారీ రాయి అదే. పది బారలైనా, ఇరవై బారలైనా, గీతలు తప్పలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కొర్లయ్య ముందే చెప్పేస్తున్నాడు. "ఏడు" అన్నాడు. కంచు చేప ఏడు అంది. "అయిదు" అన్నాడు. అయిదు అంది. "తొమ్మిది" అన్నాడు. తొమ్మిది అంది. మణిగుప్తుడి మొహం వాడిపోయింది.

గురయ్యకు మాత్రం మనసు ఒప్పలేదు. దండ వేసినవాడు అంత తొందరగా దండ తియ్యలేడు. "ఇది లోతు లేని చోటు. ఒడ్డు కనబడని లోతుకు ఎల్దాం. అక్కడ సూద్దాం ఎవరు గొప్పో" అన్నాడు.

పడవ అక్కడికి వెళ్ళింది. ముప్పై అయిదు బారల తాడు వదిలారు. కొర్లయ్య తాడు వాలు చూసి "ఏడు" అన్నాడు. కంచు చేప "మూడు" అంది. కొర్లయ్య మళ్ళీ చూసి "ఎనిమిది" అన్నాడు. కంచు చేప "పదకొండు" అంది. అంత లోతున నీరు రెండు మూడు దారుల్లో పోతోంది. తాడు ఒక చోట వాలి ఇంకో చోట వంగుతోంది. పైనుంచి చూసేవాడికి అది తెలియదు. కంచు చేప చెప్పిన నడకకు తెరచాప సర్దితే చెయ్యెత్తు వంజరం ఒకటి పడింది.

"సూసినావా చిన్నాన్నా" అన్నాడు గురయ్య.

"సూసినాను. ఇక్కడ తాడు పనికిరాదు. ఇదే కావాల" అన్నాడు కొర్లయ్య.

ఆ మాట పూర్తయ్యేసరికి కాళ్ళ దగ్గర చల్లగా తగిలింది. లోతు నీటి అలల తాకిడికి ముసలి పడవ అతుకు ఒకటి విచ్చుకుంది. దూది ఊడి నీళ్ళలో తేలుతోంది. చీలమండదాకా నీళ్ళు వచ్చాయి.

అందరూ నీళ్ళు తోడటం మొదలుపెట్టారు. మణిగుప్తుడు కూడా కంచు చేప పెట్టె ఖాళీ చేసి దానితోనే తోడాడు. వచ్చే నీళ్ళు వర్తకుడిని వేరుగా చూడలేదు. గురయ్య ఒక్కడే, భయంతో ఏం చేస్తున్నాడో తెలియక, తాడు చెవికి ఆనించుకుని కంచు చేపను అడిగాడు.

"ఒడ్డుకు సేరతామా?"

కంచు చేప పలకలేదు.

"సెప్పు. సేరతామా, నేదా?"

కంచు చేప పలకలేదు. ఆ ప్రశ్న దానికి రాదు. గురయ్య తాడు పడవకు కట్టేసి, తలపాగా విప్పి అతుకులో కుక్కాడు. అందరూ వంతులవారీగా తోడుతూ, తెరచాప మొత్తం ఎత్తి, పొద్దు వాలేలోపల ఎలాగో పల్లె చేరారు. ఆడవాళ్ళు మెడలోతు నీళ్ళదాకా ఎదురొచ్చి పడవను లాగారు.

అందరూ ఇసుకలో కూర్చున్నాక తీర్పు చెప్పమన్నారు. కొర్లయ్య తడి బట్టలతోనే లేచాడు.

"కంచు సేప అబద్ధం ఆడదు. మూడు రోజుల్లో మన కళ్ళు తెరిపించింది. దాన్ని దండగ అన్నోడు నా ఎదటికి రావద్దు. కాని ఇరవై బారల లోపల మనకు రాయి ఉంది, తాడు ఉంది, ఒక్కడు వెనక్కి సూస్తే సాలు. ముప్పై బారలు దాటితే దీన్ని మించింది నేదు. అక్కడికి ఎళ్ళే పడవ మనకు నేదు. మాను ఇచ్చేస్తే ఎప్పటికీ ఉండదు. అంచేత షావుకారూ, ఇవాళ మాకు పడవ కావాల. నీ సేప ఇవాల్టికి అక్కర్లేదు."

 మణిగుప్తుడికి బేరం పోయిందని బాధ ఉంది. ప్రాణం మిగిలిందన్న తృప్తీ ఉంది. చివరికి, "తాతా, నా సరుకు గురించి నేను కూడా ఇంత సరిగ్గా చెప్పలేను" అన్నాడు.

మరునాడు పల్లెవాళ్ళు అతని విరిగిన తెరకొయ్యకు రెండు పక్కలా తాటిబద్దలు వేసి, కొబ్బరితాడుతో బిగించి కట్టారు. మూడు రోజులు కంచు చేప చేసిన మేలుకు రెండు బుట్టల ఎండుచేప ఇచ్చారు. ఓడ వెళ్ళిపోయింది.

టేకుమాను పడవ అయింది. దాని వెనక కొనలో, వెనక్కి తిరిగి కూర్చునేందుకు ఒక పీట వేశారు. పీట పక్కన మూడు గీతల పలక బిగించారు. అది కొర్లయ్య చోటు. మొదటి వేటలో మొదటి చేపను గురయ్య స్వయంగా మోసుకెళ్ళి నీలాలు చేతికిచ్చాడు. "పిన్నీ, ఇది నువ్వు అడిగిన ప్రశ్నకు" అన్నాడు. నీలాలు చేపను తిప్పి చూసి, "చిన్నదే ఇచ్చినావు" అంది.

మూడేళ్ళు గడిచాయి. కొత్త పడవ దగ్గరి నీళ్ళు దాటి, ఒడ్డు కనబడని లోతుకు వెళ్ళడం నేర్చింది. అక్కడ తాడు వంగడం మొదలుపెట్టింది. కొర్లయ్య గీతలు తప్పడం మొదలుపెట్టాయి.

ఆ ఏడు మణిగుప్తుడి ఓడ మళ్ళీ వచ్చింది. ఈసారి కొత్త తెరకొయ్యతో. "తాతా, వెళ్ళిన ప్రతి రేవులోనూ నీ మాటే చెప్పాను. ఇరవై బారల లోపల వద్దు, ముప్పై దాటితే కావాలి అన్నాను. వద్దు అని కూడా చెప్పే వర్తకుడిని వాళ్ళు మునుపు చూడలేదట. పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. ఒక్కటి మిగిల్చాను. ఇప్పుడు కావాలా?" అని అడిగాడు.

"ఇప్పుడు కావాల" అన్నాడు కొర్లయ్య.

"ఏమిస్తావు?"

కొర్లయ్య ఇంట్లోకి వెళ్ళాడు. ఆనాటి వేటలో తన వంతుకు వచ్చిన మొదటి చేపను తెచ్చి వర్తకుడి ముందు పెట్టాడు. ఆ ఇంట్లో అంతకంటే విలువైనది ఎప్పుడూ లేదు. మణిగుప్తుడికి ఆ సంగతి తెలుసు. రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. కంచు చేపను కొర్లయ్య ఒళ్ళో పెట్టాడు.

కాబట్టి పిల్లలూ, కొత్త వస్తువు ముంగిట్లోకి వచ్చినప్పుడు అది నిజం చెబుతుందా అని అడిగితే చాలదు. మనకు తెలియనిదేమిటో, మనం తిరిగి చూడక పోగొట్టుకున్నదేమిటో ముందు నిజాయితీగా ఒప్పుకున్నవాడికే దాని విలువ తెలుస్తుంది.